గురువారం బల్ల దగ్గర కళ్ళజోళ్ళమ్మ

ఊళ్ళో ఆవిడ అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. మందుల షాపుకూ గడియారాల కొట్టుకూ మధ్య ఇరుక్కున్నట్టుండే కళ్ళజోళ్ళ షాపులో ముప్పై ఏళ్ళుగా కూర్చుంటోంది కనక అందరికీ ఆవిడ కళ్ళజోళ్ళమ్మే. అద్దాలు అరగదీయడం తండ్రి దగ్గర నేర్చుకుంది. తర్వాత చూపు పరీక్షించే చదువు చదివి సర్టిఫికెట్టు గోడకు తగిలించుకుంది. అయితే అద్దాలకన్నా ముందే తండ్రి ఆవిడకు ఒక సంగతి నూరిపోశాడు. "మనిషి లోపలికొచ్చి కుర్చీలో కూర్చునేలోపే సగం పరీక్ష అయిపోవాలమ్మా," అనేవాడు. కాలు ఎలా పెట్టాడు, తల ఎటు తిప్పాడు, కుర్చీ కోసం ఎంత తడుముకున్నాడు, అదంతా చూడాలి. ఆ చూడటం ఆవిడకు జబ్బులా పట్టుకుంది. పెళ్ళికి వెళితే నలుగురూ నగలు చూస్తుంటే ఆవిడ నలుగురి కళ్ళూ చూసేది.

"నీ ఎదురుగా కూర్చుని అన్నం తినాలన్నా భయమేనే నాకు," అని నవ్వేవాడు భర్త. ఆయన సిటీ బస్సు డ్రైవరు.

ఆ నవ్వు ఇంకా ఇంట్లో వినబడుతోందంటే అది ఒక్క మనిషి పుణ్యం. ఎనిమిదేళ్ళ కింద డ్యూటీలో ఉండగా పేగుకు చిల్లు పడి ఆయన స్టీరింగు మీదే వాలిపోయాడు. పెద్దాసుపత్రి సర్జన్‌గారు ఐదు గంటలు కాలు కదపకుండా నిలబడి కుట్టారు. బతికితే గొప్పే అని అందరూ అనుకున్న మనిషి మూడు నెలలకు మళ్ళీ బస్సెక్కాడు.

ఆ సర్జన్‌గారే ఆవిడను గురువారం బల్లకు తీసుకొచ్చారు. అదొక చిన్న క్లబ్బు. నెలలో మొదటి గురువారం సాయంత్రం ఏడింటికి పాత హోటల్ మేడ మీద గదిలో పన్నెండు మంది కలిసి భోంచేస్తారు. ఒక వృత్తికి ఒకే కుర్చీ. లాయరు ఒకరే, బ్యాంకాయన ఒకరే, హెడ్మాస్టరు ఒకరే. పేర్లు పెట్టి పిలుచుకోరు, వృత్తి పెట్టే పిలుచుకుంటారు. తిన్నాక ఒకరు తమ పని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి, మిగతావాళ్ళు ప్రశ్నలతో పీకాలి. అన్నిటికీ మించిన నియమం ఒకటుంది: బల్ల మీద మాట మెట్లు దిగకూడదు.

ఫొటోగ్రాఫరు ఊరు మారడంతో ఒక కుర్చీ ఖాళీ అయినప్పుడు సర్జన్‌గారు ఆవిడ పేరు చెప్పారు. అధ్యక్షుడి స్థానంలో ఉన్న లాయరుగారు ముక్కు విరిచారు. కళ్ళజోళ్ళు అమ్మడం వృత్తా, వ్యాపారమా అని ఆయన సందేహం. "నా కత్తి వల్ల బాగుపడ్డవాళ్ళకన్నా ఆవిడ అద్దం వల్ల బాగుపడ్డవాళ్ళే ఈ ఊళ్ళో ఎక్కువ," అన్నారు సర్జన్‌గారు. దాంతో ఆ కుర్చీ ఆవిడదైంది.

రెండేళ్ళు హాయిగా గడిచాయి. మూడో ఏడు ఆవిడ కళ్ళు సర్జన్‌గారి మీద పడ్డాయి.

మొదట రొట్టె పళ్ళెం. ఎడమపక్క నుంచి బ్యాంకాయన అందిస్తూ చెయ్యి చాపుకునే ఉన్నాడు. సర్జన్‌గారు పట్టించుకోలేదు. పెద్దమనిషికి పొగరెక్కువైందని బ్యాంకాయన అనుకున్నాడు. మరుసటి నెల మంచినీళ్ళ గ్లాసు మోచెయ్యి తగిలి పడింది. ఆ పై నెల మెట్లు దిగుతూ ఆయన ఒక్కో మెట్టునూ బూటు కొసతో తడుముకోవడం చూసింది. వయసు అరవై కూడా లేదు. ఎదురుగా ఉన్న మనిషి చొక్కా గుండీ ఊడితే ఆయనకు కనిపిస్తుంది. పక్కనున్న మనిషే కనిపించడు.

అలసట అయ్యుంటుందిలే అని తనకు తాను సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకుంటూనే నాలుగు నెలలు గడిపేసింది. ఆ నాలుగు నెలల సంగతి తర్వాత చాలాకాలం ఆవిడను వేధించింది.

ఇంతలో మాట్లాడే వంతు ఆవిడకు వచ్చింది. ప్రింటింగ్ ప్రెస్సు నడిపే సభ్యుడొకాయన ఉన్నాడు, అందరికీ ప్రెస్సాయన. లావుపాటి, కలుపుగోలు మనిషి, ఆవిడను చెల్లెమ్మా అని పిలుస్తాడు. ఆయన చేత పన్నెండు కార్డులు అచ్చేయించింది. కార్డుకు ఎడమవైపు కూడిక గుర్తు, కుడివైపు బెత్తెడు ఎడంలో నల్లటి చుక్క.

ఆ గురువారం భోజనాల దగ్గర ప్రెస్సాయన మంచి హుషారుగా ఉన్నాడు. "అందరూ నన్ను ఒకసారి బాగా చూసుకోండి. సోమవారం పొద్దున నా పొట్ట మన సర్జన్‌గారి చేతిలో పెడుతున్నా. హెర్నియా. ఇప్పుడు నేను ఏం తిన్నా ఆయనే లోపల చూస్తారు," అన్నాడు. అందరూ నవ్వారు. కళ్ళజోళ్ళమ్మ ముద్ద పళ్ళెంలోనే వదిలేసి సర్జన్‌గారి వైపు చూసింది.

లేచి నిలబడి మొదలుపెట్టింది. ప్రతి కంట్లోనూ ఒక గుడ్డిచోటు ఉంటుందనీ, కంటి వెనక నరం లోపలికొచ్చే చోట చూపు లేదనీ చెప్పింది. "ఎడమకన్ను మూసుకోండి. కుడికంటితో కూడిక గుర్తునే చూడండి. కార్డు మెల్లగా దగ్గరికి తెచ్చుకోండి. చుక్కను చూడకూడదు, అది పక్కచూపుకే తెలియాలి."

"పక్కచూపులు చూడొద్దని మా ఆవిడ ఒట్టు వేయించుకుందండీ," అన్నాడు ప్రెస్సాయన.

నవ్వులు సద్దుమణిగాక అందరూ కార్డులు ఎత్తారు. ఒక్కొక్కరే చిన్నపిల్లల్లా కేకలు వేశారు. "పోయింది! చుక్క పోయింది!" "ఇదిగో, మళ్ళీ వచ్చింది!" హెడ్మాస్టరుగారైతే మూడుసార్లు పోగొట్టుకుని మూడుసార్లు తెచ్చుకున్నారు.

సర్జన్‌గారు కార్డును ముక్కుదాకా తెచ్చుకున్నారు. "నాకు పోయింది. తిరిగి రాలేదు," అన్నారు. కార్డు తలకిందులుగా తిప్పి రెండో కంటితోనూ చూశారు. "ఇటూ అంతే. ప్రెస్సాయనా, చుక్కలో సిరా తక్కువేశారేమిటి?"

"గోళీకాయంత చుక్క వేశానండీ! నా అచ్చుకు వంక పెడితే ఊరుకోను!"

బల్ల ఘొల్లుమంది. నవ్వనివాళ్ళు ఇద్దరే. సర్జన్‌గారు తలెత్తి కళ్ళజోళ్ళమ్మ మొహం చూశారు. ఆ మొహంలో ఏం కనబడిందో గానీ కార్డు చప్పున దించేశారు. "ఆ, ఆ, వచ్చింది. ఇప్పుడు వచ్చింది," అన్నారు.

ఆ మాట అన్నప్పుడు కార్డు ఆయన చేతిలో లేదు, పళ్ళెం పక్కన బోర్లా ఉంది.

మిగతా పది నిమిషాలూ ఏం మాట్లాడిందో ఆవిడకే తెలియదు. అందరూ లేచాక మెట్ల దగ్గర "సర్జన్‌గారూ, ఒక్కమాట," అంది. ఆయన గోడ పట్టుకుని దిగుతూ, "ఇంకోసారి," అన్నారు. వెనక్కి తిరగలేదు.

మర్నాడు శుక్రవారం. షాపు తియ్యకుండా ఆసుపత్రికి వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. పన్నెండున్నరకు పిలుపొచ్చింది.

"రెండు నిమిషాలే ఉన్నాయి నాకు," అన్నారాయన.

"నిన్న చుక్క ముందు రాలేదన్నారు."

"తర్వాత వచ్చిందన్నాను."

"రెండు కళ్ళకూ తిరిగి రాకపోవడం మంచిది కాదండీ. పక్కచూపు తగ్గుతోందేమో. నాలుగు నెలలుగా చూస్తున్నాను."

"చూస్తున్నారా?" ఆయన గొంతు మారింది. "నేను అన్నం తింటుంటే మీరు నన్ను పరీక్ష చేస్తున్నారా? మీరు డాక్టరా?"

"కాదండీ. అందుకే ఏ జబ్బో నేను చెప్పకూడదు. కంటి డాక్టరుగారు ఈ ఆసుపత్రిలోనే, రెండో అంతస్తులో ఉన్నారు. పావుగంట పని. ఒక్కసారి చూపించుకోండి. సోమవారంలోపు."

"ముప్పై ఒక్క ఏళ్ళు కత్తి పట్టినవాడికి కళ్ళజోళ్ళ కొట్లోంచి వచ్చి పాఠం చెబుతున్నారు. మీ ఆయన పేగులు కుట్టింది ఏ చేతులో మర్చిపోయినట్టున్నారు."

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మర్చిపోలేదండీ. రోజూ పొద్దున ఆయన డ్యూటీకి వెళుతుంటే గుర్తొస్తూనే ఉంటుంది."

"అయితే ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. బల్ల మీద మాట మెట్లు దిగకూడదు."

"అందుకే మీ దగ్గరికే వచ్చాను."

ఆయన విసురుగా లేచి తలుపు తియ్యబోయారు. పక్కనున్న బీరువా అంచు ఎడమ భుజానికి ఠక్కున తగిలింది. ఇద్దరికీ వినబడింది. ఇద్దరూ విననట్టే ఉన్నారు.

సాయంత్రం భర్త ఇంటికి రాగానే అంతా చెప్పింది. ఆయన బూట్లు విప్పడం ఆపి విన్నాడు. విని ఇంతెత్తున లేచాడు.

"నీకేమైనా మతిపోయిందా? ప్రాణం పోసిన మనిషి! ఊళ్ళో ఆయన పరువేమిటి, మన బతుకేమిటి? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే."

"తప్పయితే ఆయన కాళ్ళ మీద పడతానండీ. నిజమైతే?"

"నిజమైతే ఆయనకు తెలీదా? డాక్టరు కాదూ?"

కక్కలేక మింగలేక రాత్రంతా అటూ ఇటూ దొర్లింది. పోనీ ప్రెస్సాయన చెవిలో వేద్దామా అంటే, ఆయనకు చెప్పడమంటే ఊరంతటికీ అచ్చేసి పంచినట్టే. సర్జన్‌గారి పేరు మధ్యాహ్నానికల్లా బజార్న పడుతుంది. ఆ తర్వాత కళ్ళు బాగానే ఉన్నాయని తేలితే? పడ్డ పేరును ఎవరు ఎత్తుతారు?

పొద్దున అద్దం ముందు గడ్డం గీసుకుంటూ భర్త తనలో తను అనుకుంటున్నట్టు మొదలుపెట్టాడు. "ఏటా మాకు డిపోలో కళ్ళు చూస్తారు. కిందటేడు మా వాడొకడికి పక్కన పెట్టిన వేలు కనబడలేదు. ఇరవై ఏళ్ళ సర్వీసు వాడిది, ఒక్క గీత పడనివ్వలేదు బండికి. ఆ రోజే తాళాలు తీసేసుకున్నారు. ఏడ్చాడు పాపం." బ్లేడు కడుక్కుని ఆగాడు. "బస్సుకు ఉన్న రూలు కత్తికి ఎందుకుండదే?"

ఆవిడ కాగితం తీసుకుంది. నాలుగుసార్లు చింపి, ఐదోసారి ఇలా రాసింది:

"అయ్యా, మీ మీద గౌరవం లేక కాదు, ఉండబట్టే రాస్తున్నాను. సోమవారం ఉదయం ఏడింటికి ఆసుపత్రిలో ఉంటాను. ఈలోగా మీరు కళ్ళు చూపించుకుని బాగున్నాయనిపించుకుంటే నలుగురి ముందూ క్షమాపణ చెప్పి షాపు మూసేస్తాను. చూపించుకోకుండా కత్తి పట్టబోతే, ఆపరేషన్‌కు ముందే ప్రెస్సాయనగారికి నేను చూసింది చెబుతాను. ఇంకెవరికీ చెప్పను."

శనివారం పదింటికి ఆ కవరు స్వయంగా ఆయన ఇంటి గుమ్మంలో ఇచ్చి వచ్చింది. ఆ రోజు జవాబు రాలేదు. ఆదివారమూ రాలేదు. వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా ఆవిడ ఉలిక్కిపడింది. పాలవాడు ఒకసారి, పక్కింటావిడ ఒకసారి. అంతే.

సోమవారం ఏడు కాకముందే ఆసుపత్రి వార్డులో అడుగుపెట్టింది. ప్రెస్సాయన ఆకుపచ్చ గౌనులో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పక్కన భార్య పని లేని చేతుల్ని ఏం చెయ్యాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకుంది.

"చూశావటే, చెల్లెమ్మ ఇంత పొద్దున్నే నాకోసం వచ్చింది! మీ అన్నయ్యను ఈ గౌనులో చూసి ఎవరికీ చెప్పకమ్మా," అన్నాడాయన. రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదని నాలిక చాపి చూపించాడు.

ఆవిడ నవ్వబోయింది గానీ పెదవులు కదల్లేదు. గోడ గడియారంలో ఏడుంపావు. సర్జన్‌గారు థియేటర్లోకి వెళ్ళారా అని నర్సునడిగితే, వచ్చారంది, బట్టలు మార్చుకుంటున్నారంది. కళ్ళు బాగున్నాయని కబురు లేదు, అంటే చూపించుకోలేదన్నమాట.

ఏడున్నరకు చక్రాల మంచం గరగరమంటూ వచ్చింది. ఇద్దరు ఆయాలు ప్రెస్సాయన భుజాలు పట్టారు.

"ఒక్క నిమిషం," అంది కళ్ళజోళ్ళమ్మ. "అన్నయ్యా, మీతో ఒక మాట చెప్పాలి. వదినగారు కూడా వినాలి."

ప్రెస్సాయన మొహంలో నవ్వు ఆరిపోయింది. "ఏమిటమ్మా?"

"కళ్ళజోళ్ళమ్మగారూ." పిలుపు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. సర్జన్‌గారు నిలబడి ఉన్నారు, తలకు థియేటరు టోపీ. "ముందు ఇలా రండి."

తన గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు. బల్ల మీద ఆవిడ ఉత్తరం విప్పి ఉంది. రెండు రోజుల్లో ఎన్నిసార్లు మడిచి విప్పారో, మడతలు చిరుగుపట్టాయి.

"చెయ్యండి," అన్నారు.

"ఏమిటండీ?"

"మీ పరీక్ష. నా ఎదురుగానే చెయ్యండి. బాగుంటే వెళ్ళి ఆపరేషన్ చేస్తాను, మీరు మళ్ళీ ఈ ఛాయలకు రాకండి."

రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకున్నారు. మోకాళ్ళు తగిలేంత దగ్గర. ఒక కన్ను మూసుకుని తన ముక్కు మీదే చూపు నిలపమంది. వేలు కదుపుతూ మెల్లగా పక్కనుంచి లోపలికి తెస్తానని, కనబడగానే చెప్పమని అంది. చెయ్యి బారుగా చాపింది. ఆ వేలు ఆవిడకు మొదటి నుంచీ కనబడుతూనే ఉంది. జానెడు లోపలికి తెచ్చింది. ఆయన మాట్లాడలేదు. ఇంకో జానెడు. వేలు దాదాపు తన చెంప దగ్గరికి వచ్చింది.

"ఇప్పుడు," అన్నారాయన.

ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. పైనుంచి, కిందనుంచి, రెండో కంటికి. ప్రతిసారీ వేలు తన మొహం దాకా వస్తే గానీ "ఇప్పుడు" రాలేదు.

"ఎక్కడ్నుంచి మొదలుపెట్టారు?" అని అడిగారు చివరికి.

ఆవిడ చెయ్యి మళ్ళీ బారుగా చాపి చూపించింది. ఆయన తల తిప్పి ఆ చేతిని మణికట్టు దాకా, వేళ్ళ కొసల దాకా చూశారు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"మా నాన్న ఆఖరి ఆరేళ్ళూ గోడ పట్టుకుని నడిచాడు," అన్నారు. "ఏడాదిగా ద్వారబంధాలు తగులుతున్నాయి నాకు. వయసనుకున్నాను. కాదు, అనుకోలేదు. తెలుసు. రెండో అంతస్తుకు మెట్లెక్కలేకపోయాను, అంతే."

లేచి వార్డులోకి నడిచారు. ఆవిడ గుమ్మం దగ్గరే ఉండిపోయింది.

"ఈ రోజు నేను చెయ్యడం లేదు," అన్నారు సర్జన్‌గారు.

ప్రెస్సాయన తెల్లబోయాడు. "నాకేమైనా పెద్దదొచ్చిందా డాక్టరుగారూ?"

"మీకేం రాలేదు. నా చూపే బాగాలేదు. ఇంకో సర్జన్‌ను చూసి పెడతాను, వారం పది రోజుల్లో."

"రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా..." అని మొదలుపెట్టి, సర్జన్‌గారి మొహం చూసి ప్రెస్సాయన మాట మింగేశాడు. ప్రెస్సాయన భార్యకు మాత్రం విషయం అర్థమైంది. కళ్ళజోళ్ళమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే కంటి డాక్టరు చూసి గ్లాకోమా, అదే నీటికాసులు అని తేల్చాడు. పక్కచూపు సగానికి పైగా పోయింది. పోయింది తిరిగి రాదు, ఉన్నది చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. సర్జన్‌గారు ఆ రోజు నుంచి కత్తి పట్టలేదు.

తర్వాతి నెల గురువారం బల్లకు ఆయన రాలేదు. సూపు వచ్చినా ఎవరూ చెంచా ఎత్తలేదు. లాయరుగారు గొంతు సవరించుకున్నారు. "బల్ల దగ్గర చూసిన సంగతి ఆసుపత్రిదాకా వెళ్ళిందని విన్నాం. నిజమేనా?"

"నిజమే," అంది కళ్ళజోళ్ళమ్మ. "వెళ్ళింది నేనే. ఆయనతోనూ, ఇంట్లో మావారితోనూ తప్ప ఎవరితోనూ అనలేదు. కుర్చీ ఖాళీ చెయ్యమంటే చేస్తాను."

"ముప్పై ఏళ్ళు కత్తి పట్టిన మనిషిని మూడు రోజుల్లో ఇంట్లో కూర్చోబెట్టారు," అన్నాడు బ్యాంకాయన, పళ్ళెంలోకి చూస్తూ.

ప్రెస్సాయన బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "ఆవిడ కుర్చీ తీస్తే నాదీ తీసెయ్యండి. మీ రూలు మీద నేను సంతకం పెట్టాను గానీ నా పొట్ట పెట్టలేదు!"

ఎవరూ నవ్వలేదు. ఓటింగూ జరగలేదు. ఆ రోజు ఆవిడతో మాట కలిపినవాళ్ళు ప్రెస్సాయన కాక హెడ్మాస్టరుగారొక్కరే. అయినా ఆవిడ మరుసటి నెలా వెళ్ళింది, ఆ పై నెలా వెళ్ళింది. వెళ్ళే ముందు ప్రతిసారీ గుమ్మం దగ్గర ఆగిపోయేది. మానేస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భర్త బలవంతాన చెప్పులు తొడిగించి పంపేవాడు.

సర్జన్‌గారు ఆసుపత్రిలోనే కుర్ర డాక్టర్లకు ముడులు వెయ్యడం, కుట్లు వెయ్యడం నేర్పుతున్నారని తెలిసింది. ఒకటి రెండుసార్లు బజారులో ఎదురుపడ్డారు. ఆవిడ నమస్కారం పెట్టింది. కనబడక ఊరుకున్నారో, కనబడే ఊరుకున్నారో ఆవిడకు కూడా తేలలేదు. తేల్చుకోగల మనిషే గానీ, తేల్చుకోవడానికి మనసొప్పలేదు.

ఏడు నెలలు గడిచాక ఒక ఉదయం షాపులోకి ఒకావిడ వచ్చింది, నలభై ఐదేళ్ళుంటాయి. బడి టీచరట.

"మా అన్నయ్య పంపాడండీ. నీటికాసులు ఇంట్లో ఒకరికుంటే తోబుట్టువులకూ రావచ్చట కదా. ముందు మీ దగ్గర చూపించుకుని, ఆ తర్వాతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాడు." ఏ అన్నయ్యో అడగక్కర్లేకపోయింది. అదే గడ్డం, అవే పొడుగాటి వేళ్ళు.

"ఎలా ఉన్నారాయన?"

"చుక్కల మందు మర్చిపోడు. తెల్లవారకముందే లేచి నడుస్తాడు." ఆవిడ కొంచెం తటపటాయించింది. "మీ మీద కోపం ఇంకా పోలేదండీ. మరి నన్ను మీ దగ్గరికే ఎందుకు పంపుతున్నావని అడిగాను. అది వేరే, ఇది వేరే అన్నాడు."

కళ్ళజోళ్ళమ్మ పరీక్ష నెమ్మదిగా, రెండుసార్లు చేసింది. ఎడమకంట్లో ఒక మూల కొద్దిగా తేడా ఉన్నట్టనిపించింది. మూడోసారి కూడా చేసింది.

"భయపడకండి. ఏదైనా ఉంటే ఇప్పుడిప్పుడే మొదలైనట్టుంది," అంది. షాపు తాళం చేతిలోకి తీసుకుంది. "పదండి, కంటి డాక్టరుగారు పదింటికల్లా కూర్చుంటారు. నేనూ వస్తాను."